తాగింది కారు

అనకాపల్లి,
12-1-1964

చిరంజీవి త్రినాధరావుకి మీ బావ వెంకటరమణమూర్తి దీవెనలు.

ఇక్కడ నేను, మీ అక్క, పిల్లలు అందరం కులాసా. కారు ఒక్కటే కులాసాగా లేదు.

కారు కొన్న సంగతి మీ అక్క నీకు రాసిందట. రంగు మాత్రమే రాసి ఉంటుంది, ఆవిడకి అంతవరకే పట్టింది. ఇరవై ఏళ్ళు జట్కాలో తిరిగి బెల్లం వ్యాపారం చేసినవాణ్ణి. దసరాకి విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు కొత్తకారు కొనుక్కుని పాతది వదిలించుకుంటుంటే నేను తగిలించుకున్నాను. నల్లగా, గుండ్రంగా, పాకం ముదిరిన బెల్లం దిమ్మలా ఉంటుంది. మన జట్కా తోలే నాగూర్ మీరాయే లైసెన్సు తెచ్చుకుని డ్రైవరయ్యాడు. గుర్రానికి అలవాటు పడిన నోరు కదా, ఇప్పటికీ మలుపు తిరిగేటప్పుడు కారుని "హై హై" అంటాడు.

అసలు విషయానికి వస్తాను. మనింటికీ బెల్లం మార్కెట్టుకీ మధ్య దూరం మైలున్నర. ఆ మైలున్నరకీ నడుమ రైలుగేటు. ఇప్పుడు బెల్లం సీజను. దేవరాపల్లి నుంచి, చీడికాడ నుంచి తెల్లారేసరికల్లా బళ్ళు దిగుతాయి. గేటు పడిందా, ముందు నలభై బళ్ళు, వెనక నలభై బళ్ళు, నడుమ నా కారు. ఒక్కోసారి ముప్పావుగంట అక్కడే. రోజుకి నాలుగుసార్లు ఆ గేటు దాటాలి.

సోమవారం అయిదు గాలన్ల పెట్రోలు పోయిస్తున్నాను. గురువారానికి టాంకు ఎండిపోతోంది. మైలున్నర దారికి ఇంత తాగే కారు భూప్రపంచం మీద ఉంటుందా? ఎవరో తీసేస్తున్నారు. మీరాని అనుమానించడానికి నా మనసు ఒప్పుకోదు. అనుమానించకుండా ఉండడానికి పెట్రోలు ఒప్పుకోదు.

నువ్వు కలకత్తాలో మోటారు కంపెనీలో పెద్ద ఉద్యోగస్థుడివి. ఈ దొంగతనం ఎలా పట్టుకోవాలో శాస్త్రప్రకారం రాయి. తొందరగా రాయి. నాకు రక్తపోటు ఉందని ఆ డాక్టరుగారే అన్నారు, కారు అమ్మేముందు.

నీ క్షేమం కోరే,
బావ

—

కలకత్తా,
21-1-1964

పూజ్యులైన బావగారికి, అక్కయ్యకి త్రినాధరావు నమస్కారాలు.

మీ ఉత్తరం చదవగానే నాకు నవ్వొచ్చింది. క్షమించాలి. మోటారు శాస్త్రం తెలిసిన వాడికి ఇది చిటికెలో తేలే సమస్య. ఇక్కడ హౌరా వంతెన దగ్గర సాయంత్రం పూట చిక్కుకుంటే మీ గేటు ఏం పనికొస్తుంది! ట్రాములు, లారీలు, మనుషులు లాగే రిక్షాలు, ఎవడూ అంగుళం కదలడు. నేను రోజూ ఆ దారినే వెళతాను గనక ఈ జబ్బు నాకు బాగా ఎరిక.

బావగారూ, మీ పెట్రోలు తాగేది మరెక్కడో లేదు. మీ కళ్ళెదుటే, ఆ గేటు దగ్గరే ఉంది. పేరు రాయను. మీ అంతటి తెలివైనవారికి పేరు చెప్పడం మర్యాద కాదు. గేటు పడగానే ఒకసారి నిదానంగా చూడండి. అందరూ ఊరుకుంటారు, అదొక్కటే ఊరుకోదు. ఉన్నచోటునుంచి కదలదు, పని చేయదు, గుడగుడమంటూనే ఉంటుంది. పైగా పొగ వదులుతుంది! ఎవరికీ కాణీ ఉపయోగం లేదు. అది మీ పెట్రోలు తాగుతోంది. మీరు రోజూ దాన్ని పక్కన పెట్టుకుని డ్రైవరుని అనుమానిస్తున్నారు.

గేటు పడగానే దాన్ని ఆపించెయ్యండి. అంతే మందు.

అక్కయ్యకి చెప్పండి, ఇక్కడ మామిడల్లం దొరకడం లేదు.

భవదీయుడు,
త్రినాధరావు

—

అనకాపల్లి,
30-1-1964

శెభాష్ త్రినాధం!

దీవెనలు తరువాత. ముందు నీ బుర్రకి ఒక బెల్లం దిమ్మ బహుమానం. రైల్వే పార్సెలులో పంపిస్తున్నాను, చీమలు పట్టకముందే విడిపించుకో.

నువ్వు పేరు రాయకపోయినా పట్టేశాను. కాసులమ్మ! గేటు పక్కన గంప పెట్టుకుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుందే, ఆ ముసలిది. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని ఒక్కొక్క ముక్కా సరిచూసుకున్నాను. గేటు పడగానే బళ్ళవాళ్ళు కాయలు కొనుక్కుని ఊరుకుంటారు. అదొక్కటే ఊరుకోదు, ఎవరినో ఒకర్ని తిడుతూ గుడగుడా గొణుగుతూనే ఉంటుంది. ఉన్నచోటునుంచి కదలదు. పొగ అన్నావు చూడు, అక్కడ నీకు దణ్ణం పెట్టాలనిపించింది. నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ వదులుతూ కూర్చుంటుంది. కలకత్తాలో కూర్చుని అడ్డపొగ ఎలా పసిగట్టావోయ్!

నిన్న మార్కెట్టుకి నడిచి వెళుతున్నాను, కారు తరువాత తెమ్మని మీరాకి చెప్పి ఒక బెల్లం బండి చాటున నిలబడ్డాను. గేటు పడింది. మీరా కారు దిగాడు. సీటు కింద నుంచి ఒక ఆకుపచ్చ సీసా తీసి దానికి ఇచ్చాడు. అది గంపలో పెట్టుకుంది. నేను ఒక్క గంతులో వెళ్ళాను.

"ఏట్రా అది?"

"సీసా బాబూ."

"ఎవరిది?"

"కాసులమ్మది."

"ఎన్నాళ్ళనుంచి సాగుతోందిరా ఇది?"

"నెల కనపడిన కాడనుంచి బాబూ."

ఇంతకన్నా ఒప్పుకోలు ఏ కోర్టులో దొరుకుతుంది? దొంగా అన్నాను. పదిమంది ముందూ అన్నాను, గేటు పడి ఉంది గనక పదిమంది కాదు, నూరుమంది ఉంటారు. మీరా భుజం మీది తుడుపుగుడ్డ తీసి కారు బానెట్టు మీద పెట్టి, సలాం చేసి, పట్టాల వెంబడి నడిచి వెళ్ళిపోయాడు. గేటుమేన్ పరదేశిని పిలిచి, ఆ ముసలిది మళ్ళీ గేటు ఛాయలకి వస్తే ఊరుకోనని చెప్పాను. అది గంప నెత్తిన పెట్టుకుని నన్ను ఏదో అంది. కారు చప్పుడులో వినపడలేదు.

"పెట్రోలు మనిషి ఎలా తాగుతుందండీ?" అని మీ అక్క అడిగింది. తాగడమంటే తాగడం కాదే, తీసుకెళ్ళి అమ్ముకోవడం, చదువుకున్నవాళ్ళు అలా రాస్తారు అని చెప్పాను. ఆవిడకి నమ్మకం కుదరలేదు. కొత్త డ్రైవరు అబ్బులు రేపు వస్తున్నాడు.

నీ తెలివికి మురిసిపోతూ,
బావ

—

కలకత్తా,
31-1-1964

బావగారికి నమస్కారాలు.

మీ జవాబు ఇంకా అందలేదు. అయినా ఒక ముఖ్యమైన మాట మరిచిపోయాను గనక ఆగలేక రాస్తున్నాను.

దాన్ని ఆపమని రాశాను గదా. ఆపడంతో సరిపోదు. అది పాతది. ఎన్ని చేతులు మారిందో మనకి తెలీదు. ఒకసారి ఆపితే మళ్ళీ కదలనని మొరాయిస్తుంది. మీరు బెదరకూడదు. నలుగురు మనుషుల్ని పిలిచి వెనకనుంచి గట్టిగా తోయించండి. కొంతదూరం పోయాక ఒకటికి రెండుసార్లు దగ్గుతుంది, ఆ తరువాత అదే దారికి వస్తుంది. పొద్దున్న పూట మరీ చల్లబడిపోతే వేడినీళ్ళు పోయించండి. రాత్రిపూట గోనెపట్టా కప్పి ఉంచితే మంచిది. వీలైతే ఒకసారి మొత్తం విప్పించి, లోపల మసి ఎంత పట్టిందో చూపించండి.

ఇలా ఓ నెల్లాళ్ళు చేస్తే మీ మాట వింటుంది.

ఆదరాబాదరాగా,
త్రినాధరావు

—

అనకాపల్లి,
18-2-1964

త్రినాధరావుకి,

దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ రెండో ఉత్తరం మీ అక్క పైకి చదివింది, నేను విన్నాను. సగంలో ఆవిడ ఆగిపోయి కళ్ళు తుడుచుకుంది. అరవై ఏళ్ళ ముసలిదాన్ని నలుగురు మగాళ్ళ చేత తోయించమంటావా? వేడినీళ్ళు పోయించమంటావా? ఇక ఆ విప్పించడం మాట నేను రాయలేను, నాకు ఆడపిల్లలున్నారు. కలకత్తా నీళ్ళు తాగి మనిషివి ఇలా తయారయ్యావా? కోపంలో ఒకమాట అన్నానే గానీ నేనింకా మనిషినేనోయ్. మామిడల్లం పంపనని మీ అక్క ఒట్టు పెట్టుకుంది.

రెండో సంగతి. కాసులమ్మ గేటు దగ్గర లేదు. మీరా కారులో లేడు. అబ్బులు లెంపకాయ కొట్టినా తిరిగి చూడని మెతక మనిషి, నిద్రలో కూడా స్టీరింగు పట్టుకునే ఉంటాడు. అయినా సోమవారం పోసిన పెట్రోలు గురువారం కాదు, బుధవారానికే అయిపోయింది! టాంకు మూతకి తాళం వేయించాను. తాళం వేసినట్టే ఉంది, పెట్రోలు లేదు. ఇప్పుడు నేనెవర్ని దొంగ అనాలి? మీ అక్క నా వైపు చూస్తోంది.

మూడో సంగతి, ఇది రాయాలని లేదు. మీరా ఇప్పుడు గేటు పక్కనే చెట్టుకొమ్మకి సైకిలు టైరు వేలాడగట్టి పంక్చర్లు వేస్తున్నాడు. గేటు పడి నా కారు ఆగినప్పుడల్లా లేచి నిలబడి సలాం చేస్తాడు. తిట్టినా బాగుండును. నేను కిటికీ అద్దం ఎత్తేసుకుంటున్నాను. లోపల ఉక్క, బయట మీరా.

మొన్న రంజాను పండగ. మన ఆచారం తెలిసినవాడు గనక ఏటా పచ్చి సేమ్యా, ఖర్జూరాలు పంపిస్తాడు, మీ అక్క పాయసం చేస్తుంది. ఈసారి పంపడనుకున్నాను. పొద్దున్నే తనే తెచ్చి, "అమ్మగారికి ఇయ్యండి" అని అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. పాయసం మంచి పాకంలో కుదిరింది. నేను గిన్నె అలాగే మీ అక్క వైపు తోసేశాను త్రినాధం.

నువ్వు రాసిందేమిటి, నేను చేసిందేమిటి, వివరంగా రాయి. ఈసారి పేరు పెట్టి రాయి.

వెంకటరమణమూర్తి

—

కలకత్తా,
26-2-1964

బావగారి పాదాలకి, అక్కయ్య పాదాలకి, వీలైతే కాసులమ్మగారి పాదాలకి కూడా త్రినాధరావు నమస్కారాలు.

బావగారూ, అది అంటే ఇంజను! కారు ఇంజను! గేటు పడ్డాక కూడా ఆపకుండా ఉంచితే ఊరికే తిరుగుతూ, పొగ వదులుతూ, పెట్రోలు తాగేస్తుంది. దాన్ని ఆపమన్నాను. పాతది అన్నది కారుని. తోయమన్నది కారుని. వేడినీళ్ళు రేడియేటరులో పోయమన్నాను. విప్పమన్నది ఇంజనుని. ఇంతకంటే ఏం రాయను, సిగ్గుతో చచ్చిపోతున్నాను. మన భాషలో ఆడమనిషికీ ఇంజనుకీ ఒకటే ‘అది’ పెట్టిన మహానుభావుడెవడో గానీ, వాణ్ణి గేటు దగ్గర నిలబెట్టాలి.

ఎలాగూ సిగ్గు పోయింది గనక మిగతాది కూడా చెప్పేస్తాను. నేను మోటారు కంపెనీలో పనిచేస్తున్నమాట నిజమే. పార్సెళ్ళ మీద చిరునామా చీటీలు అంటిస్తాను. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా కారెక్కలేదు. హౌరా వంతెన రోజూ నడిచి దాటుతాను. అక్కడ చిక్కుకున్నప్పుడు టాక్సీవాళ్ళు ఠక్కుమని ఇంజను ఆపేసి బీడీ ముట్టిస్తారు. ఎందుకని ఒకణ్ణి అడిగితే, "నిలబడ్డ గుర్రానికి దాణా ఎవడు పెడతాడు బాబూ?" అన్నాడు. నా మోటారు శాస్త్రమంతా అదే. ఆ ముక్క అలాగే రాసి ఉంటే సరిపోయేది. పెద్ద ఉద్యోగస్థుణ్ణని మీరు రాసేసరికి పొడుపుకథ వెయ్యాలని బుద్ధి పుట్టింది.

బావగారూ, మీరాని వెనక్కి పిలవండి. నాకు టైఫాయిడు వచ్చినప్పుడు జట్కాలో తన ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది మీరాయే. అతను నా పొడుపుకథ వల్ల దొంగైతే నేను అనకాపల్లి స్టేషనులో దిగలేను.

తప్పు ఒప్పుకుంటూ,
చీటీలు అంటించే త్రినాధరావు

—

అనకాపల్లి,
6-3-1964

చి. త్రినాధానికి,

నీ ఉత్తరం చదివి మీ అక్క అరగంట నవ్వింది. చీటీల ఉద్యోగం సంగతి తనకి ఎప్పుడో తెలుసట. నవ్వడం అయ్యాక, "మరి మీరు ఇంకా ఇక్కడే కూర్చున్నారేం?" అంది. చెప్పులు వేసుకుని మీరా ఇంటికి బయలుదేరాను.

గుమ్మంలో గుల్జార్‌బీ నిలబడి ఉంది. "ఇంట్లోనే ఉన్నారు బాబూ. సీసాలు కూడా ఇంట్లోనే ఉన్నాయి, సూసుకోండి," అంది. మీరా భార్య గదా అని పడ్డాను. పడవలసిందే.

"ఇంజను ఎందుకు ఆపలేదురా మీరా?" అన్నాను.

"తమరే కదా బాబూ ఆపొద్దన్నారు. కారు కొన్న మొదటిరోజు గేటుకాడ ఆపితే మల్లీ స్టార్టవనేదు. నూకరాజు బండెడ్లని కట్టి మార్కెట్టుకి లాక్కెల్లేరు. బళ్ళోళ్ళంతా ఈలలేసేరు. ఆ రోజు తమరు ‘ఊపిరైనా ఆపు గానీ ఇంజను ఆపకు’ అన్నారు. నాను ఆపనేదు."

నిజమే. మరిచిపోలేదు, నీకు రాయడానికి నామోషీ వేసి మానేశాను.

"మరి ఆ సీసా?"

"రోజా రోజులు బాబూ. పొద్దుగూకే ఏలకి గేటు పడిపోతంది. ఇంటికెల్లి ఉపాసం ఇడవడానికి కుదిరేది కాదు. కాసులమ్మ సూసి, సీసాలో అంబలి పోసి ఇచ్చేది. మర్నాడు కాళీ సీసా తిరిగిచ్చేవాణ్ణి. తమరు సూసింది కాళీ సీసా."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదరా!"

"ఏటది అన్నారు, సీసా అన్నాను. అందులో ఏటున్నాదని అడగనేదు బాబూ. దొంగా అనేసినాక ఇంకేటి సెప్తాను?"

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను అంబలికి కూడా అదే పేరు పెట్టాను, అదీ పొద్దస్తమానం పచ్చి నీళ్ళు ముట్టని మనిషికి. పనిలోకి రమ్మన్నాను. రానన్నాడు.

"నాకు సైకిళ్ళున్నాయి. ఆ ముసిల్దానికి జాగా పోనాది బాబూ. బళ్ళు ఆగని సోట కాయలెవలు కొంటారు? పదిమందిలో దొంగన్నారు, పదిమందిలోనే కాదని సెప్పండి. అప్పుడొత్తాను."

నూరుమంది ముందు నేను, బెల్లం వర్తకుణ్ణి, కాయలమ్మే మనిషికి తప్పు ఒప్పుకోవాలా? రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం చేశాను. నోటితో చెప్పక్కర్లేకుండా బోర్డు రాయించాను. "గేటు వద్ద ఇంజను ఆపబడును. ఇట్లు, వెంకటరమణమూర్తి, బెల్లం వర్తకులు." చదువుకున్నవాళ్ళు తప్పు ఎవరిదో గ్రహిస్తారు గదా అని.

మర్నాడు గేటు దగ్గర మూటలతో, పెట్టెలతో ముప్ఫైమంది. నన్ను చూడగానే లేచి దణ్ణాలు పెట్టారు. ఒకాయన మెడలో బంతిపూల దండ వేశాడు. ఏమిటయ్యా అంటే, మార్కెట్టు దగ్గరే రైలాపించిన పుణ్యాత్ములు తమరు అంటాడు! మన ఊళ్ళో ఇంజనంటే రైలింజనే గదా, ఆ సంగతి నాకు తట్టలేదు. నేను కాదనేలోపు పాసింజరు వచ్చింది, ముప్ఫైమందీ చెయ్యెత్తారు, అది కూత పెట్టుకుంటూ పోయింది. ఆ దండ మెడలో ఉండగానే తిట్లు తిన్నాను. పరదేశి పరుగున వచ్చి, పైవాళ్ళు చూస్తే తన ఉద్యోగం పోతుందని బోర్డు పీకేశాడు.

కాసులమ్మకి ఈ బోర్డు సంగతి ఎవరో చెబితే, "నాకు సదువొచ్చేటి?" అందిట.

ఏం చెయ్యమంటావు?

నీ బావ

—

కలకత్తా,
14-3-1964

బావగారికి, బంతిపూల దండతో ఉన్నట్టు ఊహించుకుంటూ, నమస్కారాలు.

మీరు అడిగారు గనక చెబుతున్నాను. చీటీలు అంటించేవాడి సలహా కాబట్టి చిన్నదే.

బోర్డు వద్దు. చదువురాని మనిషికి బోర్డు మీద తప్పు ఒప్పుకోవడం చిరునామా చీటీ అంటించకుండా పార్సెలు పంపడం లాంటిది. దొంగ అన్నప్పుడు నోటితోనే అన్నారు గదా. అదే నోటితో, అదే చోట, పేరు పెట్టి చెప్పండి. ‘అది’ అని మాత్రం అనకండి.

బెల్లం అందింది. సగం చీమలు తిన్నాయి, సగం నేను. ఎవరూ దొంగలు కారు.

మీ
త్రినాధరావు

—

అనకాపల్లి,
6-4-1964

ప్రియమైన త్రినాధానికి ఆశీస్సులు, మనసారా.

చెప్పేశాను, పది రోజులైంది.

మీ అక్క ముందే వెళ్ళి కాసులమ్మని చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకొచ్చి, పాత చోటులోనే కూర్చోబెట్టింది. గంప ముందు పెట్టుకుని, అడ్డపొగ వెలిగించుకుని, ముసలిది నా వైపు చూడకుండా కూర్చుంది. గేటు పడింది. ముందు నలభై, వెనక నలభై. నేను కారు దిగాను.  గొంతు సవరించుకుని, "కాసులమ్మా, నీ మీద నేనన్న మాట తప్పు," అన్నాను.

"ఏటి బాబూ?" అంది చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మళ్ళీ అన్నాను, ఇంకా గట్టిగా. "ఏటీ?" అంది. బళ్ళవాళ్ళు కూడా "ఏటంతన్నారు, ఏటంతన్నారు" అని ముందుకొచ్చారు. నా వెనక కారు గుడగుడలాడుతూనే ఉంది, ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదు. దసరా నుంచి ఆ చప్పుడులో ఎవరేమన్నా నాకూ వినపడలేదు.

"అబ్బులూ, ఇంజను ఆపు!" అన్నాను.

"ఆపితే మల్లీ కదల్దు బాబూ. తమరే వద్దన్నారు."

"ఆపరా బాబూ!"

ఆపాడు. త్రినాధం, ఒక్కసారిగా ఎద్దుల మెడల్లో మువ్వలు వినపడ్డాయి. పరదేశి దగ్గు వినపడింది. మీరా సైకిలు ట్యూబుకి గాలికొడుతున్న చప్పుడు వినపడి, అదీ ఆగిపోయింది. నూరుమంది నా నోటికేసి చూస్తున్నారు. ఇక దాక్కోవడానికి చప్పుడు కూడా లేదు.

"కాసులమ్మా, నా పెట్రోలు తాగింది కారు. నువ్వు కాదు, మీరా కాదు, ఇంకెవరూ కారు. ఖాళీ సీసా చూసి మీ ఇద్దర్నీ దొంగలన్నాను. బుద్ధి తక్కువై అన్నాను. ఈ చోటు నీది," అన్నాను. అనేసరికి కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో తెలీదు, ఎండ కూడా లేదు.

కాసులమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "నాను తాగనేదని నాకెరికే బాబూ. మీకు ఎరికవ్వాలని సూసేను. అయిపోనాది, ఒగ్గీయండి," అంది. ఒగ్గేసి, అంతటితో ఊరుకోకుండా, నా పంచె కుచ్చిళ్ళు ఊడిపోతున్నాయని, కారు దారికి అడ్డంగా ఉందని, పోయిన దీపావళినాడు మీ అక్క కొసరు కాయలు రెండు సార్లు అడిగిందని గుడగుడా గొణగడం మొదలుపెట్టింది. ఇంత హాయిగా ఎవరి తిట్లూ నేను తినలేదు.

గేటు తీశారు. అబ్బులు మీట నొక్కాడు. కారు కిక్కురుమనలేదు. మళ్ళీ నొక్కాడు. వెనక నలభై బళ్ళు. ఎవడో ఈల వేశాడు, మొదటిరోజు వేసినవాడే, గొంతు గుర్తుపట్టాను. అప్పుడు మీరా ట్యూబు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నడిచి వచ్చి అబ్బుల్ని పక్కకి జరగమన్నాడు. చక్రం పట్టుకుని, కిటికీలోంచి తల బయట పెట్టి, "తొయ్యండి బాబూ," అన్నాడు. ఆ ‘బాబూ’ నన్నే. తోశాను. ఒకపక్క నేను, ఒకపక్క నూకరాజు, నడుమ పరదేశి. కాసులమ్మ కూడా గంప వదిలి వచ్చి ఒక చెయ్యి వేసింది. మీరా లోపలినుంచి "హై హై" అన్నాడు.

అబ్బులు వాళ్ళ మామ లారీ మీదికి వెళ్ళిపోతున్నాడు, సంతోషంగానే. కొత్త బాటరీ వేయించాను. గేటు పడగానే ఇప్పుడు ఇంజను ఆపేస్తున్నాం. మీరా, నేను దిగి కాయలు తింటున్నాం. సోమవారం పోసిన పెట్రోలు ఆదివారం దాకా ఉంటోంది. మీ అక్క మామిడల్లం మూట కట్టింది, పార్సెలులో వస్తుంది. చీటీ నువ్వే సరిగ్గా చూసుకో.

తోసిన సంగతి పూర్తి చెయ్యలేదు. సరిగ్గా నువ్వు రాసినట్టే జరిగింది. పాతది గదా, మొదట కదలనని మొరాయించింది. నలుగురం కలిసి గట్టిగా తోశాం. ఒకటికి రెండుసార్లు దగ్గింది. ఆ తరువాత అదే దారికొచ్చింది.

ఇంతవరకూ రాసి మీ అక్కకి చదివి వినిపించాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఇంతకీ దారికొచ్చింది కారా? మీరా?" అని అడిగింది.

మీరా ఎప్పుడూ దారిలోనే ఉన్నాడు అన్నాను.

దారికొచ్చిన
మీ బావ